నా ఇంట్లో నేను లేని నోము

దీపావళికి వారం ముందు మా అత్తమ్మ ఫోన్ చేసింది. నేను భూపాలపల్లి దవాఖానలో డ్యూటీలో ఉన్నాను, ఒక ముసలామెకు సెలైన్ పెట్టబోతున్నాను.

"బిడ్డా, ఈసారి నోము మీ ఇంట్ల పట్టుకుందామనుకుంటున్నం. నీకేం తక్లీఫ్ లేదు కదా?" అంది.

"తక్లీఫ్ ఏముంది అత్తమ్మా, రండి" అన్నాను. ఫోన్ జేబులో వేసుకున్నాక ఆ ముసలామె చేతిలో నరం దొరక్క రెండుసార్లు వెతుక్కున్నాను. నాకు ఎన్నడూ అట్లా కాదు. అంత సంతోషం వేసింది. ఇప్పుడు తలుచుకుంటే మిగతా వాటన్నిటికంటే ఆ సంతోషం మీదే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

నోము సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. మా వైపు దీపావళికి చాలా ఇళ్లలో కేదారేశ్వర నోము ఉంటుంది. పొద్దంతా ఏమీ తినకుండా ఒక్కపొద్దు ఉండి, సాయంత్రం పీట మీద దేవుణ్ణి నిలిపి, అప్పాలు, తమలపాకులు, వక్కలు పెట్టి, కథ చదువుకుని, పసుపు దారం చేతికి కట్టుకుని, ఆ తర్వాత అందరూ కలిసి భోజనానికి కూర్చుంటారు. ఎవరింటి నోము వాళ్లదే. నోము అప్పం బయటివాళ్ల నోట్లో పడకూడదు. పెళ్లి చేసి పంపిన ఆడపిల్లకు కూడా పెట్టరు. వచ్చిన కోడలు మాత్రం అత్త పక్కన కూర్చుని నోము ఎత్తుకుంటుంది. ఆనాటి నుంచి ఆమె ఆ ఇంటి మనిషి. అయితే ఎత్తుకోవడానికి అన్ని ఏళ్లూ కుదరదు. ఈ ఏడు కొత్త నోములు ఉన్నాయనో లేవనో అయ్యగార్లు పంచాంగం చూసి చెబుతారు. లేని ఏడు పాతవాళ్లు చేసుకుంటారు, కొత్తవాళ్లు ఆగుతారు.

పెళ్లయిన ఎనిమిదేళ్ల నుంచి నేను ఆగుతూనే ఉన్నాను.

మాది మహబూబాబాద్ దగ్గర తండా. ఇంట్లో మేము మాట్లాడేది లంబాడీ, తెలుగు నాకు బడిలో వచ్చింది. మా ఆయన వాళ్లది జనగామలో కిరాణా హోల్‌సేల్ చేసే వైశ్యుల కుటుంబం. హనుమకొండలో నేను నర్సింగ్, ఆయన డిగ్రీ చదివేటప్పుడు ఒకరికొకరం తెలిశాం. రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం, రెండు వైపుల నుంచీ ఎవరూ రాలేదు. కొన్ని నెలలకు అత్తమ్మే మమ్మల్ని పిలిపించి, చిల్పూరు గుట్టకు తీసుకెళ్లి, వెంకన్న ముందు నా నుదుటన తన చేత్తో బొట్టు పెట్టింది. గుట్ట దిగుతూ నేను సంతోషంతో ఏడ్చాను. కలుపుకున్నారు, ఇక అయిపోయింది అనుకున్నాను.

మా అత్తమ్మ ఈ ఎనిమిదేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టే అత్తతో బతకడం తేలిక, తిరిగి తిట్టుకోవచ్చు, కనీసం మనసులో. మా అత్తమ్మ ప్రతి తలుపునూ బిడ్డా బిడ్డా అంటూనే మూసేది. మొదటి దీపావళికి, "ఈ ఏడు కొత్త నోములు లేవంట బిడ్డ, వచ్చే ఏడు సూద్దాం" అంది. మరుసటేడు నేను కడుపుతో ఉన్నాను, అట్లా ఉన్నప్పుడు ఎత్తుకోకూడదంది. తర్వాత పాలివాళ్లలో, అంటే దాయాదుల్లో, ఎవరో పెద్దాయన పోయాడు, నోమే లేదంది. ఆ తర్వాత మళ్లీ కొత్తవి లేవు. ఏ కారణం చూసినా నిజంలాగే ఉండేది. మా తండాలో ఈ నోములు లేవు, కాబట్టి అడిగి తెలుసుకుందామన్నా మావాళ్లలో చెప్పే దిక్కు లేదు.

మా ఆయనను అడిగితే, "అవన్ని ఆడోళ్ల ముచ్చట్లు, నాకేం ఎరుక" అనేవాడు. దీపావళి పొద్దున జనగామ పోయి, దుకాణంలో లక్ష్మీపూజ చూసుకుని, మర్నాడు ఒక మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చేవాడు. నీకైనా నోము ఉందా అని ఒకసారి అడిగాను. "నువ్వు లేంది నాకెందుకు?" అన్నాడు. ఆ మాటను నేను చాలా ఏళ్లు తలుచుకుని తలుచుకుని మురిసిపోయాను. దీపావళి నాడు కాలిన గాయాల కేసులు వస్తాయని డ్యూటీకి ఎవరూ ఒప్పుకోరు. నేను మాత్రం అడిగి మరీ వేయించుకునేదాన్ని. పండుగ పూట ఇంట్లో పాపను పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చోవడం కంటే, పాపను పై వాటాలో ఉండే అక్క దగ్గర వదిలి దవాఖానకు పోవడమే నయం అనిపించేది.

ఈసారి నోము మా ఇంటికి ఎందుకు వచ్చిందో అత్తమ్మ ఫోన్లోనే చెప్పింది. జనగామలో వాళ్ల పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారు. కిరాయికి ఉన్న ఇంట్లో ఓనరు వాళ్ల తండ్రి చనిపోయాడు. శవం లేచిన వాకిట్లో నోము పట్టరు. మైల వస్తే తప్ప నోము మానకూడదు. ఇక మిగిలింది పెద్దకొడుకు ఇల్లు. ఇంత వివరంగా చెప్పినా, నేను వినాలనుకున్నది మాత్రమే విన్నాను. నా ఇంట్లో, నా పొయ్యి మీద, మొదటిసారి మా అత్తింటివాళ్లు పండుగ భోజనం చేయబోతున్నారు. ఇంక నన్ను ఎట్లా ఆపుతారు?

వారం రోజులు ఇల్లు కడిగాను. భూపాలపల్లిలో బొగ్గు దుమ్ము కిటికీ చువ్వల మీద పూటపూటకూ పేరుకుంటుంది, తుడిచిన బట్ట ప్రతిసారీ నల్లగా వస్తుంది. మా ఇంట్లో మాంసం వండక ఎనిమిదేళ్లు. అయినా పాత గిన్నెల మీద వాళ్లకు అనుమానం ఉంటుందేమోనని వాటిని మూటగట్టి మంచం కిందికి తోసి, కొత్త స్టీలు గిన్నెలు, ఒక ఇత్తడి బిందె కొన్నాను. పై వాటా అక్క వాళ్లకు నోములు ఉన్నాయి. ఈ ఏడు కొత్త నోములు ఉన్నాయని ఆమే చెప్పింది. ఎత్తుకునే కోడలికి కొత్త దారం కావాలని కూడా అంటే, ఆమె దగ్గరే నేర్చుకుని తెల్ల నూలు పేటలు వేసి, పసుపు పట్టించి, నా దారం నేనే చేసుకున్నాను. వాళ్లు ఎక్కడ మరిచిపోతారో అని నా భయం. మరిచిపోతారట! ఎంత పిచ్చిదాన్ని.

మా యాడి, అంటే మా అమ్మ, ఫోన్ చేసి ఏమేం వండుతున్నావని అడిగింది. అన్నీ చెప్పాను. అంతా విని మా భాషలో, "వాళ్లు తింటారా?" అంది. ఎందుకు తినరు, నీకు అన్నీ అనుమానాలే అని కసురుకున్నాను. మా తండాలో దీపావళికి పెళ్లికాని ఆడపిల్లలు దీపాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, పాడి, ఆ ఇల్లు చల్లగా ఉండాలని దీవిస్తారు. ఏ గడప దగ్గరైనా ఆగొచ్చు, ఏ ఇంట్లోనైనా తినొచ్చు. అట్లా పెరిగిన నాకు యాడి అనుమానం అంత తొందరగా తలకెక్కలేదు.

పండుగ రోజు చీకటితోనే లేచి తలంటుకుని, తడి జుట్టుతోనే పొయ్యి దగ్గర నిలబడ్డాను. పులిహోర, గారెలు, భక్ష్యాలు, ముద్దపప్పు, ఆలుగడ్డ కూర, పరమాన్నం. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఇంట్లోనే లేకుండా చేశాను. ఆకలికి కళ్లు తిరుగుతున్నా ఒక్క పలుకు నోట్లో వేసుకోలేదు, ఉప్పు కూడా చూడలేదు. మా ఆయన రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చి ఏదో చెప్పబోయి వెళ్లిపోయాడు. ఎంత వండుతున్నానో చూసి మురిసిపోతున్నాడనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక కిరాయి కారులో దిగారు. అత్తమ్మ, మామయ్య, మరిది, అతని భార్య. ఆమె నాకు తోడికోడలు, మా వైపు యారాలు అంటాం. నాకంటే నాలుగేళ్లు వెనక ఆ ఇంటికి వచ్చింది, వాళ్ల కులంలో పిల్లే. డిక్కీ తెరిచి సామాను దించుతుంటే నేను సాయం పోయాను. గ్యాస్ పొయ్యి, సిలిండరు, బిందె, గిన్నెలు, బియ్యం సంచి, నూనె, చివరికి నీళ్ల క్యాన్లు.

"గివన్ని ఎందుకు మోసుకొచ్చిన్రు అత్తమ్మా, ఇంట్ల లేవా?" అన్నాను.

"ఎందుకుండయ్ బిడ్డ, ఉన్నయ్. ఇవి నోము గిన్నెలు గద, అలవాటైనయ్" అంటూ నా చేతిలోని గిన్నెను మెల్లగా తీసుకుంది.

వంటింట్లోకి వచ్చి మూతలు తీసి చూసింది. గిన్నెలకు చెయ్యి తగలకుండా మూత పిడి మాత్రమే పట్టుకుంది. "మస్తు కష్టపడ్డవ్ బిడ్డ. డ్యూటీ చేసుకుంట ఇన్ని ఎట్ల చేసినవ్? మూత పెట్టుంచు, చుట్టుపక్కలోళ్లకు పెడుదువు. మేం మడితోని జర ఏమన్న వండుకుంటం. నువ్వు పోయి నడుం వాల్చు, అలసిపోయినవ్."

యారాలు నా వంటగట్టు మీద పసుపు నీళ్లు చల్లింది. నా గిన్నెలన్నీ ఒక మూలకు జరిపి, అక్కడ వాళ్ల పొయ్యి పెట్టింది. పోయి నడుం వాల్చమన్నారు కాబట్టి నేను పోయాను. ముందు గదిలో కుర్చీ చివర కూర్చున్నాను, కిరాయికి ఇల్లు చూడవచ్చినదానిలా. మామయ్య టీవీ చూస్తున్నాడు. ఆయన ఎప్పుడూ ఏదీ మాట్లాడడు, అందరూ ఆయనను మంచివాడంటారు. మరిది ఫోన్ చూసుకుంటున్నాడు. అతగాడు హనుమకొండ హోటళ్లలో చికెన్ బిర్యానీ తినడం నేను కళ్లారా చూశాను. ఆ బిర్యానీ వండినవాడు ఎవరింటివాడో అక్కడ అతను అడిగి ఉండడు.

రెండేళ్ల కిందట షుగర్ వల్ల అత్తమ్మ కాలికి పుండు పడితే, మా ఇంట్లోనే ఉంచుకుని నేను కట్టు కట్టాను. చీము తుడిచాను, పొద్దునా సాయంత్రం జావ కాచి తాగించాను. నా పాత గిన్నెల్లోనే. గ్లాసు మొత్తం తాగి, "నీ చెయ్యి చల్లని చెయ్యి బిడ్డ" అనేది. ఆ జావ మందు కింద లెక్క కాబోలు.

పొద్దు గూకేవేళకు పీట వేసి దేవుణ్ణి నిలిపారు. నేను కొత్త చీర కట్టుకుని, పళ్లెంలో తమలపాకులూ పూలూ నా దారమూ పెట్టుకుని వచ్చి పీట పక్కన ఉంచాను. అప్పటికి కూడా నాలో ఆశ చావలేదు. వంట వాళ్లు చేసుకుంటే చేసుకున్నారు, దారం కడితే చాలు అనుకున్నాను.

"ఇదేంది బిడ్డ?" అంది అత్తమ్మ దారాన్ని చూసి.

"నాకే అత్తమ్మా. ఈ ఏడు ఎత్తుకుందామని."

మామయ్య కథ పుస్తకం తిరగేస్తున్నాడు.

"ఈ ఏడు కొత్తయి లేవంట బిడ్డ" అంది.

"పై వాటా అక్క ఉన్నయన్నది."

"వాళ్లకు ఉన్నయేమో. మన అయ్యగారు లేవన్నడు." అంటూ ఒక తమలపాకు మడిచి, దానితో నా దారం పట్టుకుని తీసి కిటికీలో పెట్టింది. వేలితో ముట్టుకోలేదు. ఆ పని కూడా ఎంత మెల్లగా, ఎంత మర్యాదగా చేసిందో!

తర్వాత యారాలు ఒక రేకు డబ్బా తెరిచింది. పోయిన ఏటి దారాలు దాచి, ఈ ఏటి పూజలో మళ్లీ దేవుడి దగ్గర పెడతారు. ఆమె బట్ట మూట విప్పి ఒక్కొక్కటే పేరుస్తూ, పూజలో తప్పు పోకూడదని పైకే చెప్పుకుంటోంది. "ఇది మామయ్యది, ఇది అత్తమ్మది, ఇది ఆయనది, ఇది నాది."

"నువ్వెప్పుడు ఎత్తుకున్నవ్ చెల్లె?" అన్నాను.

"పెండ్లయిన ఏడే అక్కా."

ఆ ఏడు దీపావళికి కొత్త నోములు లేవని అత్తమ్మ నాతో ఫోన్లో చెప్పింది. నాకు బాగా గుర్తుంది. నేను సరే అన్నాను, ఆరోగ్యం జాగ్రత్త అని కూడా అన్నాను. మూటలో ఇంకొక దారం మిగిలి ఉంది.

"మరి గదెవరిది?"

"బావది. ప్రతి ఏడు ఊరికి పొయ్యేటప్పుడు ఇప్పి అత్తమ్మకు ఇచ్చి పోతడు గద" అంది. నాకు తెలియదని ఆ పిల్లకు తెలియదు.

మా ఆయన ప్రమిదల్లో నూనె పోస్తున్నాడు. ప్రమిద నిండి నూనె నేల మీదికి కారింది, తల మాత్రం ఎత్తలేదు. నాకు అప్పుడు అర్థమైంది. బస్సెక్కే ముందు చేతి దారం విప్పి, తల్లికిచ్చి, నా దగ్గరికి బోసి చేత్తో వచ్చేవాడు. అత్తమ్మ చేసింది నేను ఎట్లాగో తట్టుకుందును. ఆమె పుట్టి పెరిగిన పద్ధతి అది, నేను ఆమెను కోరి పెళ్లి చేసుకోలేదు. ఈయనను చేసుకున్నాను.

కథ చదవడం అయింది. అత్తమ్మ అందరికీ దారాలు కట్టింది, మా ఆయనకూ కట్టింది. ఆయన చెయ్యి చాచాడు. చాచకుండా ఉంటాడేమోనని చివరి దాకా చూశాను. తర్వాత అత్తమ్మ, "పిల్లను పిలువు, మన ఇంటి పిల్ల, దానికీ కడదాం" అంది. మా పాపకు ఆరేళ్లు. అది నా చీర కొంగు పట్టుకుని నా మొహంలోకి చూసింది. నేను పో అన్నాను. నేను బయటే ఉన్నా అది లోపల ఉండాలనిపించింది. ఏ తల్లికైనా అట్లాగే అనిపిస్తుందేమో, లేక నేనే పిరికిదాన్నో.

భోజనాలకు ముందు గదిలో చాపలు పరిచి కూర్చున్నారు. యారాలు వడ్డించింది. నేను నీళ్ల చెంబు అందుకుంటే, "మేం పోస్కుంటం బిడ్డ, నువ్వు కూసో" అంది అత్తమ్మ. కూర్చోవడానికి నాకు విస్తరి లేదు. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. సంచిలోంచి ఒక మిఠాయి డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. "నీకోసమని ఏరే తెచ్చిన. ఆకలైతది, తిను." ఏటా మా ఆయన తెచ్చే డబ్బా, అదే దుకాణానిది. మా పాప అప్పం కొరికి, బాగున్నట్టుంది, మిగిలిన ముక్క నా నోటి దగ్గరికి తెచ్చింది. "అమ్మకు పెట్టొద్దు తల్లీ, దేవునికి కోపమొస్తది" అంది వాళ్ల బాపమ్మ, మా అత్తమ్మ. పాప చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. మా ఆయన తల వంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నాడు.

నేను వంటింట్లోకి పోయి, మూలకు జరిపిన నా గిన్నెల ముందు నిలబడి ఒక్కపొద్దు విడిచాను. పులిహోర తిన్నాను, గారెలు తిన్నాను, భక్ష్యాలు నెయ్యి పోసుకుని తిన్నాను. కోపంతో తిన్నాను. బాగా కుదిరాయి, ఒక్కదానిలో కూడా ఉప్పు ఎక్కువతక్కువలు లేవు. మిగిలినవి మర్నాడు వార్డుకు పంపాను, కాసేపట్లో గిన్నెలు ఖాళీగా వచ్చాయి.

పొద్దున్నే వాళ్లు బయలుదేరారు. కారెక్కే ముందు అత్తమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "మంచిగ జరిపించినవ్ బిడ్డ. నీ ఇల్లు సల్లగుండాలె." ఆమె కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. అదే నాకు అంతుపట్టదు.

కారు మలుపు తిరిగాక మా ఆయన నా వెనకే లోపలికి వచ్చాడు. "చెప్తే నువ్వు బాధపడుతవని చెప్పలే. అమ్మకు ఎదురుచెప్తే అమ్మ బాధపడుతది. నడిమిట్ల నేనేం చెయ్యాలె?" అన్నాడు.

"ఇద్దరం బాధపడొద్దని చూసినవ్. మరి నువ్వెప్పుడు బాధపడ్డవ్?"

ఆయన ముంజేతి మీద ముడి వెతుక్కున్నాడు. "ఇప్పేస్త. సరేనా?"

"ఉంచుకో. ఇన్నేండ్లు నాకు కనబడొద్దని ఇప్పినవ్. నా ముందటనే కట్టుకున్నదానికి ఇంకేం దాపరికం?"

పాపకు బడి టైము అవుతోంది. బాత్‌రూములో పీట మీద కూర్చోబెట్టి నీళ్లు పోయబోతే, అది దారం కట్టిన చేతిని తల మీదికి ఎత్తి పట్టుకుంది. తడవకూడదని కాబోలు అనుకున్నాను. సబ్బు రాయడానికి చెయ్యి దించమంటే గోడ వైపు జరిగింది.

"వద్దమ్మా. బాపమ్మ చెప్పింది. నీకు నోము లేదంట, నువ్వు ముట్టొద్దంట."

నేను ఆ చేతిని పట్టుకుని కిందికి లాగాను. దారం మీద చెంబుతో నీళ్లు పోశాను, పసుపు కరిగి కాళ్ల దగ్గర నీళ్లు పచ్చగా పారేదాకా పోస్తూనే ఉన్నాను. అది గింజుకుంది. దేవునికి కోపమొస్తదని ఏడ్చింది. రానీ అన్నాను. నాన్నా అని కేకేసింది. ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మా ఇద్దరినీ చూస్తూ నిలబడ్డాడంతే. సబ్బు తీసుకుని, దారం కింద, దారం పైన, వేళ్ల సందుల్లో రుద్దాను. అది ఏడుస్తూనే ఉంది. నేను చెయ్యి వదల్లేదు.